రెండు తెరచాప పడవలు – ఒక నాయనమ్మ ప్రశ్నలు

(మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈసారి సమావేశంలో ఏదైనా కొత్త విషయం మాట్లాడవలసిందిగా కార్యదర్శి గారు నన్ను కోరారు. పి.ఆర్.సి. గురించి, కరువు భత్యం గురించి నాకంటె బాగా తెలిసిన వారు ముగ్గురు ఈ వేదిక మీదనే ఉన్నారు గనుక నేను ఆ జోలికి పోవడం లేదు. నేను మాట్లాడబోయేది రెండు తెరచాప పడవల గురించి. ఉప్పల్‌లో కూర్చుని సముద్రపు పడవల ముచ్చట ఏమిటని వెనుక వరుసలో ఎవరో నవ్వినట్టు వినిపించింది. వారి నవ్వు న్యాయమైనదే. మనకు దగ్గరలో ఉన్న నీళ్ళల్లా ఉప్పల్ నల్లచెరువు, నాచారం పెద్దచెరువు. వాటిలో తెరచాప ఎత్తిన వాళ్ళను నేనూ చూడలేదు.

అయితే నాకు పడవలతో కొంత పరిచయం ఉంది. నా సర్వీసులో మొదటి తొమ్మిదేళ్ళు కాకినాడ పోర్టు ఆఫీసులో గుమాస్తాగా గడిచాయి. 1973లో చేరాను. ఆ రోజుల్లో కాకినాడలో పెద్ద ఓడలు ఒడ్డు దాకా వచ్చేవి కావు. లోతు చాలక దూరాన లంగరు వేసుకొని నిలబడేవి. బార్జీలూ, నావలూ వెళ్ళి సరుకు దించుకొని కాలువ లోపలికి తెచ్చేవి. నా బల్ల మీదికి మాత్రం కాగితాలే వచ్చేవి. పొడవెంత, వెడల్పెంత, లోతెంత, ఎన్ని టన్నులు, తండేలు ఎవరు – ఇవన్నీ రిజిస్టరులోకి ఎక్కించాలి. సాయంత్రం కాలువ గట్టున నిలబడి, పొద్దున రాసిన పడవ ఏదో కొలతలను బట్టి పోల్చుకోవడం నాకు సరదాగా ఉండేది. సెలవు రోజున తాళ్ళరేవు వైపు వెళితే చెక్క ఓడలు కట్టే వడ్రంగుల దగ్గర పూట గడిచిపోయేది. ఇప్పటికీ పడవ నడపడం నాకు రాదు. కొలతలు చూసి దాని స్వభావం కొంత చెప్పగలను, అంతే.

ఇక ఈ విషయం ఇంట్లోకి ఎలా వచ్చిందో చెబుతాను. మా పెద్దబ్బాయి కూతురు నౌకాదళంలో అధికారి. చిన్నప్పుడు రెండు వేసవి సెలవుల్లో హుస్సేన్‌సాగర్‌లో పిల్లల తెరచాప పడవ నేర్చుకుంది. కిందటి సంక్రాంతికి ఇంటికి వచ్చినప్పుడు, సముద్రం మీద నెలల తరబడి సాగే తెరచాప యాత్రల శిక్షణకు తన పేరు ఇస్తానని చెప్పింది. “తాతయ్యా, నీకు పడవలు తెలుసు గదా, నాయనమ్మకు నువ్వే చెప్పు” అని బాధ్యత నా నెత్తిన పెట్టి వెళ్ళిపోయింది. ఆమె పెద్దది, ఉద్యోగస్థురాలు. దరఖాస్తు మీద మా సంతకం ఎవరూ అడగరు. అయినా అడిగింది గనుక, మేము ఆలోచించి చెప్పవలసిన వాళ్ళమయ్యాము. మా ఇంటావిడ వారం రోజులు ఆ ఊసే ఎత్తలేదు. ఆ తరువాత వంటింట్లోంచి ఒక్కొక్క ప్రశ్న రావడం మొదలైంది. పిల్ల ఎక్కడ పడుకుంటుంది? ఏం తింటుంది? నీళ్ళయిపోతే? పడవ తిరగబడితే? ఎన్నాళ్ళు?

టెండర్లు వచ్చినప్పుడు కంపేరిటివ్ స్టేట్‌మెంటు తయారు చేయడం మనందరికీ అలవాటైన పనే. అలాగే నేను రెండు పడవలు తీసుకొని పక్కపక్కన పెట్టి చూశాను. రెండూ మన దేశంలో కట్టినవే. రెండూ భూగోళం చుట్టి వచ్చినవే. రెండింటికీ మధ్య యాభై ఏళ్ళ ఎడం ఉంది.

మొదటిది సుహైలీ. బొంబాయిలో మన వడ్రంగులు టేకుతో కట్టిన పడవ. 1964 డిసెంబరులో నీళ్ళలోకి దిగింది. కట్టించుకున్న వారు రాబిన్ నాక్స్-జాన్‌స్టన్ అనే ఆంగ్లేయుడు, బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ ఓడల్లో అధికారి. పొడవు 32 అడుగులు, వెడల్పు 11 అడుగులు. మన ఆర్టీసీ బస్సు కంటె కాస్త పొట్టి, కాస్త లావు. ముందూ వెనుకా రెండు కొసలూ సన్నంగా కూసుగా ఉంటాయి. రెండు తెరచాప కొయ్యలు. శాతవాహన రాజు యజ్ఞశ్రీ శాతకర్ణి నాణెం మీద కనిపించే ఓడకూ రెండు కొయ్యలే, కనుక ఇది మనకు మరీ పరాయి రూపం కాదు. 1968 జూన్ 14న ఆయన ఇంగ్లండులోని ఫాల్మత్ నుంచి ఒంటరిగా బయలుదేరి, ఎక్కడా రేవు పట్టకుండా ప్రపంచం చుట్టి, 312 రోజుల తరువాత 1969 ఏప్రిల్ 22న అదే రేవుకు తిరిగి వచ్చారు. ఒక్క మనిషి ఆగకుండా ప్రపంచాన్ని చుట్టి రావడం చరిత్రలో అదే మొదటిసారి. ఆ పందెంలో తొమ్మిది మంది బయలుదేరితే, పూర్తి చేసింది ఆయన ఒక్కరే. ఆ పడవ బొంబాయి వడ్రంగం అన్న మాట మన పిల్లల పాఠాల్లో ఎక్కడా నాకు కనబడలేదు.

రెండవది తారిణి. భారత నౌకాదళం వారిది. గోవాలోని అక్వేరియస్ షిప్‌యార్డులో కట్టారు. 2017 ఫిబ్రవరి 18న దళంలో చేరింది. పొడవు 56 అడుగులు, అంటే 17 మీటర్లు. వెడల్పు 5 మీటర్లు. నీటి కింద రెండున్నర మీటర్ల లోతు. బరువు 23 టన్నులు. చెక్క మీద ఫైబర్ గ్లాసు వేసి చేసిన ఒళ్ళు. తెరచాప కొయ్య ఒక్కటే గాని, ఎత్తు 25 మీటర్లు – ఎనిమిదంతస్తుల అపార్టుమెంటంత. పేరు గంజాం జిల్లాలోని తారాతారిణి అమ్మవారిది. ఒరిస్సాలో పూర్వం సముద్ర వ్యాపారం చేసిన వారు కొలిచిన తల్లి. బరంపురం తెలుగువారికి ఆ కొండ బాగా తెలుసు. ఈ తారిణికి మాదేయి అనే అక్క ఉంది. అదే గోవా యార్డులో, అదే నమూనాలో కట్టిన 56 అడుగుల పడవ, 2009లో దళంలో చేరింది. లెక్కల కోసం నేను అక్క పేరు కూడా అప్పుడప్పుడు తెస్తాను.

2017 సెప్టెంబరు 10న తారిణిలో ఆరుగురు మహిళా అధికారులు గోవా నుంచి బయలుదేరారు. కెప్టెన్ వర్తికా జోషి. ఆరుగురిలో ఇద్దరు మన తెలుగు ఆడపిల్లలే – విశాఖపట్నం పాతర్లపల్లి స్వాతి, మన హైదరాబాదు బొడ్డపాటి ఐశ్వర్య. ఆస్ట్రేలియాలో ఫ్రీమాంటిల్, న్యూజిలాండులో లిటిల్టన్, ఫాక్‌లాండ్ దీవుల్లో పోర్ట్ స్టాన్లీ, దక్షిణాఫ్రికాలో కేప్‌టౌన్ – ఈ రేవులు పట్టుకుంటూ 254 రోజులకు, 2018 మే 21న గోవాకు తిరిగి వచ్చారు. ఆ పేర్లు పేపర్లో చదివినప్పుడే మా మనవరాలి మనసులో ఈ విత్తనం పడిందని నా అనుమానం. అప్పుడామె ఇంటర్ చదువుతోంది.

ఇక నాయనమ్మ ప్రశ్నలకు వస్తాను.

పడుకోవడం సంగతి మొదట. తెరచాప పడవ నిటారుగా ప్రయాణం చేయదు. గాలి తోసిన వైపుకు ఒరిగి, రోజుల తరబడి అలాగే పోతుంది. అంటే ఇంటి నేల ఏటవాలుగా ఉన్నట్టు. మంచం రైలు బెర్తు కంటె ఇరుకుగా ఉంటే మేలు, ఎందుకంటే వెడల్పు మంచం మీద మనిషి దొర్లుతాడు. దొర్లి పడకుండా పక్కన కాన్వాసు గుడ్డ కట్టుకుంటారు. ఇంతవరకు రెండు పడవలకూ ఒకటే. తేడా ఊపులో ఉంది. 32 అడుగుల పడవ ప్రతి అలనూ ఎక్కి దిగుతుంది. 56 అడుగుల పడవ చిన్న అలలను లెక్క చేయదు, రెండు మూడింటి మీద ఒక్కసారే ఆనుకొని పోతుంది. కాని వేగంగా పోయేటప్పుడు పెద్ద అల దాటి ధబీమని కింద పడితే, లోపల ఉన్న వాళ్ళ పళ్ళు కదిలిపోతాయంటారు. సుహైలీ నెమ్మదస్తురాలు, బరువుగా మునిగి కూర్చునే పడవ. ఆమె ఊపు ఎక్కువే గాని, ఆ ఊపులో మోటుతనం తక్కువ.

సుహైలీకి ఇంకొక గుణం ఉంది. కింద వెన్నెముకలాంటి దూలం, దాన్నే కీల్ అంటారు, ముందు నుంచి వెనుక దాకా పొడవునా ఉంటుంది. అలాంటి పడవ ఒకసారి దారిన పడితే చుక్కాని పట్టుకొనే మనిషి లేకపోయినా దారి తప్పదు. ఆ యాత్రలో తనంతట తాను చుక్కాని తిప్పే గాలి యంత్రం ఆస్ట్రేలియా ప్రాంతంలో పాడైపోయింది. అక్కడి నుంచి ఆయన తెరచాపలను సరిచూసి, పడవను దాని మానాన వదిలి నిద్రపోయేవారు. సగం ప్రపంచం అలా వచ్చారు. ఒంటరి మనిషికి నిద్ర పట్టనిచ్చే పడవ కంటె సౌకర్యం ఏముంటుంది! తారిణిలో ఆరుగురు ఉంటే వంతులు వేసుకోవచ్చు. ఒకరు మెలకువగా ఉంటే ఇంకొకరు పడుకోవచ్చు.

వంట, నీళ్ళు. పడవ ఎంత ఒరిగినా స్టవ్ ఊయలలా వేలాడుతూ సమంగా నిలుస్తుంది, గిన్నెలు జారకుండా బిగింపులు ఉంటాయి. వంట చేసే మనిషి నడుముకు పట్టీ కట్టుకొని నిలబడాలి. తారిణిలో వంటకు కొంత చోటు ఉంది. సుహైలీ లోపలి భాగం మొత్తం కలిపినా మన పాత క్వార్టర్లలో ఒక చిన్న గది. అందులోనే పడక, పొయ్యి, మ్యాపులు, పనిముట్లు, ఏడాదికి సరిపడే డబ్బా తిండి.

నీళ్ళ విషయంలో మా ఇంటావిడ భయం నిజమైనదే. దక్షిణ మహాసముద్రంలో తుఫాను కొట్టిన తరువాత సుహైలీ ట్యాంకుల్లోని మంచినీళ్ళు చెడిపోయాయి. అక్కడి నుంచి నాక్స్-జాన్‌స్టన్ తెరచాప మీది నుంచి కారే వాననీళ్ళు పట్టుకొని బతికారు. తారిణి కాలానికి సముద్రపు నీటిని మంచినీరుగా మార్చే యంత్రాలు వచ్చాయి. ఇంత పెద్ద పడవలో అలాంటిది పెట్టుకోవడానికి చోటూ ఉంటుంది, కరెంటూ ఉంటుంది. కాని యంత్రం ఆగిందంటే మళ్ళీ వాననీళ్ళే గతి. నాచారంలో చేదబావి ఉన్న పాత ఇంట్లో ఉండి, పిల్లల కోసం అపార్టుమెంటుకు మారిన వాళ్ళు మనలో చాలామంది ఉన్నారు. లిఫ్టు, బోరు, మోటారు అన్నీ సుఖమే. కరెంటు పోయిన మధ్యాహ్నం నాలుగో అంతస్తులో ఉన్న వాడికి చేదబావి గుర్తు వస్తుంది. ఈ రెండు పడవల తేడాలో సగం అదే. సుహైలీలో పాడైన వస్తువు దేనినైనా సూది, దారం, సుత్తి, ఉలితో బాగు చేసుకోవచ్చు. బయలుదేరిన కొత్తలో పడవ అడుగున సందుల్లోంచి నీరు ఊరుతుంటే, ఆయన అట్లాంటిక్ మధ్యలో నీళ్ళలో దూకి, కాన్వాసు గుడ్డ మేకులతో కొట్టి, పైన రాగి రేకు వేసి వచ్చారు. మధ్యలో షార్కు చేప ఒకటి చుట్టూ తిరిగితే దాన్ని తుపాకీతో కాల్చవలసి వచ్చింది. తారిణిలో 2018 ఏప్రిల్‌లో చుక్కాని వ్యవస్థలో లోపం వచ్చినప్పుడు మారిషస్‌లో పోర్ట్ లూయీ రేవు పట్టుకొని, బాగు చేయించుకొని బయలుదేరవలసి వచ్చింది.

స్నానం గురించి మా ఇంటావిడ అడిగింది గాని, దానికి సమాధానం పొట్టిది. వాన వస్తే స్నానం. చలి సముద్రాల్లో వాన వచ్చినా చేయబుద్ధి కాదు.

ఇక వేగం. ఇక్కడ కాస్త లెక్క చెప్పనివ్వండి. నీటిని తోసుకుంటూ పోయే పడవ వేగానికి దాని పొడవే హద్దు వేస్తుంది. నీటి మట్టం దగ్గర పొడవు ఎన్ని అడుగులో దాని వర్గమూలాన్ని 1.34తో గుణిస్తే ఎన్ని నాట్లు పోగలదో సుమారుగా వస్తుంది. 25 అడుగులకు వర్గమూలం 5, కనుక 6.7 నాట్లు. 49 అడుగులకు 7, కనుక 9.4 నాట్లు. ఒక నాటు అంటే గంటకు 1.85 కిలోమీటర్లు. గాలి ఎంత వీచినా చిన్న పడవ ఆ హద్దు దాటడం కష్టం. ఇప్పుడు అసలు ప్రయాణాలు చూద్దాం. సుహైలీ సుమారు 30,000 మైళ్ళు 312 రోజుల్లో నడిచింది. రోజుకు 96 మైళ్ళు, సగటున గంటకు 4 నాట్లు. అంటే ఉప్పల్ చౌరస్తా నుంచి నాచారం దాకా సైకిలు మీద తీరికగా తొక్కుకుంటూ పోయే వేగం. తారిణి అక్క మాదేయిలో అభిలాష్ టోమీ ఒంటరిగా, ఎక్కడా ఆగకుండా 2012 నవంబరు 1న ముంబై నుంచి బయలుదేరి 2013 మార్చి 31న తిరిగి వచ్చారు. 23,000 మైళ్ళు, 151 రోజులు. రోజుకు 152 మైళ్ళు. మన సైకిలే, కాని ఆఫీసుకు ఆలస్యమైన వాడు తొక్కినట్టు.

ముంబై నుంచి దూరం తక్కువ అన్న మాట నిజమే. అది తీసేసినా, పెద్ద పడవలో యాత్ర సుమారు మూడింట రెండు వంతుల రోజుల్లో అయిపోతుంది. చాలామంది పుస్తకాల్లో వేగం ఒక పద్దు, సౌకర్యం ఇంకొక పద్దు అని విడివిడిగా రాస్తారు. నాకు అవి ఒకటే పద్దు అనిపించింది. సముద్రం మీద వంద రోజులు తగ్గాయంటే వంద రోజుల తిండి, నీళ్ళు, తడి బట్టలు, నిద్రలేమి, ఉప్పు పుళ్ళు తగ్గినట్టు. తుఫాను వచ్చే కబురు ముందుగా తెలిస్తే, పక్కకు తప్పుకోవడానికి కూడా వేగమే ఆసరా. నా పట్టికలో తారిణికి ఎక్కువ మార్కులు ఇక్కడే పడ్డాయి.

పడవ తిరగబడితే అన్న ప్రశ్న దగ్గర మా ఇంట్లో గొంతులు లేచాయి. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర పర్యాటకుల లాంచీ మునిగిన సంగతి మీకందరికీ గుర్తు ఉంటుంది. పాపికొండలు చూడబోయిన వాళ్ళలో మన హైదరాబాదు వాళ్ళు, వరంగల్లు వాళ్ళు ఎందరో పోయారు. ఆ రోజు టీవీ ముందు నుంచి లేవని మనిషికి, పడవ తిరగబడినా లేస్తుందని చెబితే ఎలా నమ్ముతుంది? అందుకని ఎటు పడేసినా లేచి కూర్చునే మన బొమ్మను తెచ్చి బల్ల మీద పెట్టి చూపించాను. లాంచీకి అడుగు బల్లపరుపు, పైన అంతస్తు, అంతస్తు మీద జనం. బరువంతా పైకి చేరుతుంది. ఒక హద్దు దాటి ఒరిగితే ఇక లేవదు. సముద్రపు తెరచాప పడవకు బరువు కింద ఉంటుంది. సుహైలీ కీల్‌కు టన్నుల కొద్దీ ఇనుము కట్టారు. అలాంటి పడవ పూర్తిగా పక్కకు పడినా, తలకిందులైనా, లోపలికి నీరు రాకుండా తలుపులు మూసి ఉంటే తిరిగి లేస్తుంది. హుస్సేన్‌సాగర్‌లో పిల్లలు నడిపే చిన్న పడవలకు ఈ బరువు ఉండదు. అవి తిరగబడితే పిల్లలే తొక్కి నిలబెట్టుకుంటారు.

లేస్తుంది గాని, చెక్కు చెదరకుండా లేస్తుందని ఎవరూ మాట ఇవ్వలేరు. దీనికి సాక్ష్యం కూడా మన దేశపు పడవే. సుహైలీ యాత్రకు యాభై ఏళ్ళు నిండిన సందర్భంగా 2018లో అదే పందెం మళ్ళీ పెట్టారు. పాత కాలపు పడవలు, పాత కాలపు పరికరాలు మాత్రమే వాడాలని నియమం. దానికోసం అభిలాష్ టోమీ గారికి అదే గోవా యార్డు వాళ్ళు సుహైలీ నమూనాలో తురియా అనే పడవ కట్టి ఇచ్చారు. 2018 సెప్టెంబరు 21న దక్షిణ హిందూ మహాసముద్రంలో తుఫాను దాన్ని దొర్లించేసింది. పడవ లేచింది. కొయ్యలు విరిగాయి. ఆయన వెన్నెముకకు పెద్ద దెబ్బ తగిలి కదలలేక పడకలోనే ఉండిపోయారు. మూడు రోజుల తరువాత, సెప్టెంబరు 24న, ఫ్రెంచి వారి ఒసిరిస్ అనే ఓడ వచ్చి కాపాడింది. అదే తుఫానులో ఐర్లండు నావికుడి పడవ కొయ్యలు కూడా విరిగాయి. మాదేయి మీద ప్రపంచం చుట్టిన మనిషే, చిన్న పడవలో ఇంత పని జరిగింది. పెద్ద పడవ అయితే జరిగేది కాదని నేను అనను. తారిణి కూడా 60 నాట్ల గాలిలో, ఏడు మీటర్ల అలల్లో చిక్కింది. బయటపడింది. అల ఎత్తు పడవ వెడల్పు కంటె ఎక్కువైన కొద్దీ ప్రమాదం పెరుగుతుందనేది మాత్రం కొలతలు చూసిన వాడిగా చెప్పగలను. సుహైలీ వెడల్పు 11 అడుగులు, తారిణిది 16 అడుగుల పైన.

ఈ ముక్క మా ఇంటావిడకు చెప్పాలా వద్దా అని రెండు రోజులు తటపటాయించి, చెప్పాను. దాచితే రేపు యూట్యూబులో ఆమే చూస్తుంది. విని, “ఆయన మళ్ళీ పడవెక్కాడా?” అని అడిగింది. ఎక్కారు. 2022లో అదే పందెంలో బయానత్ అనే 36 అడుగుల పడవలో బయలుదేరి 236 రోజులకు, 2023 ఏప్రిల్ 29న, రెండవ స్థానంలో వచ్చారు. ఆమె ఏమీ అనకుండా లోపలికి వెళ్ళిపోయింది.

ఒక్క మాట కబుర్ల గురించి చెప్పి ముగిస్తాను. సుహైలీలో రేడియో మొదటి నెలల్లోనే మూగబోయింది. 1968 నవంబరులో న్యూజిలాండు తీరంలో మనుషులకు కనిపించిన తరువాత, 1969 ఏప్రిల్ దాకా ఆయన ఉన్నాడో లేడో ఇంట్లో వాళ్ళకు తెలియదు. నాలుగు నెలలకు పైగా! తారిణి అమ్మాయిలు ఉపగ్రహం ద్వారా మాట్లాడగలిగారు, వాతావరణ శాఖ కోసం సముద్రం వివరాలు పంపుతూ వచ్చారు. ఇంట్లో కూర్చునే వాళ్ళ సౌకర్యం కూడా పడవ సౌకర్యంలో చేరుతుందా అంటే, నేను చేరుతుందనే లెక్క వేశాను. మా మనవరాలు దీనికి ఒప్పుకోలేదు. “తాతయ్యా, అది నీ సౌకర్యం, పడవది కాదు” అంది ఫోనులో.

కాగితం మీద నా పట్టిక ఇలా తేలింది. ఒంటరిగా, డబ్బు తక్కువగా, తొందర లేకుండా, చేతి పని వచ్చిన మనిషికి సుహైలీ లాంటి పడవ మంచిది. అది మనిషిని అలసిపోయేట్టు చేస్తుంది గాని, బాగు చేసుకోనిస్తుంది. నౌకాదళం వారి శిక్షణ, ఒడ్డున కాపు కాసే మనుషులు, పక్కన తోడు ఉన్న ఆడపిల్లకు తారిణి మేలు. తోడు అంటే ఆరుగురే ఉంటారని లేదు. 2024 అక్టోబరు 2న ఇదే తారిణిలో దిల్నా, రూప అనే ఇద్దరు అధికారులు మాత్రమే గోవా నుంచి బయలుదేరి, 238 రోజులకు 2025 మే 29న తిరిగి వచ్చారు. ఆరుగురు లాగే తాళ్ళు ఇద్దరు లాగారు. ఇద్దరిలో ఒకరు పడుకుంటే ఇంకొకరు ఒంటరే. మా వాళ్ళు ఆరుగురి యాత్రకు ఒప్పుకున్నారని, ఇద్దరి యాత్రకూ ఒప్పుకున్నట్టేనని మనవరాలు అనుకుంటోంది. ఆ సంగతి ఇంట్లో ఇంకా తేలలేదు.

శిక్షణకు మాత్రం పేరు ఇచ్చింది. ఎంపిక కావాలి, ఆ తరువాత దగ్గర ప్రయాణాలు చేయాలి. తారిణి మొదటి జట్టు వాళ్ళు కూడా ముందు మాదేయి మీద 2016లో మారిషస్ దాకా వెళ్ళి వచ్చిన తరువాతే పెద్ద యాత్రకు దిగారు. ఏళ్ళు పట్టే పని. ఈ లోపల మా ఇంటావిడ ఆఖరి ప్రశ్న ఒకటి మిగిలింది. పడవలోకి ఆవకాయ జాడీ పంపవచ్చా అని. గాజు, పింగాణీ పనికిరావని, ఊపుకు పగులుతాయని, నూనె ఒలికితే నేల మీద కాలు నిలవదని చెప్పాను. ఈ వేసవిలో పెట్టిన ఆవకాయలో కొంత, నూనె తగ్గించి, బిగుతు మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో వేసి, పైన పిల్ల పేరు రాసి అటక మీద పెట్టింది.

అధ్యక్షుల వారు గడియారం చూపిస్తున్నారు.